సబ్జెక్టు చేయి జారకముందే: కాలేజీలోనూ బయటా దొరికే చదువు సాయం, దాన్ని అందుకునే దారి

పరీక్షలు ఇంక నాలుగు రోజులున్నాయనగా స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర ఎవరో ఒకరు వచ్చి నిలబడతారు. "సార్, మొదటి యూనిట్ నుంచే అర్థం కాలేదు" అంటారు. చాలా ఏళ్లుగా డిగ్రీ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను, ఈ మాట వినని సెమిస్టర్ లేదు. ఆ నాలుగు రోజుల్లో నేను చేయగలిగింది పది ముఖ్యమైన ప్రశ్నలు గుర్తుపెట్టి పంపడమే. అదే విద్యార్థి మూడో వారంలో వచ్చి ఉంటే రోజుకు పావుగంట కూర్చుని, వారంలో ఆ యూనిట్‌ను గట్టెక్కించేవాళ్లం.

సాయం అసలే లేక వెనకబడినవాళ్లకంటే, అది ఎక్కడుందో తెలియక, తెలిసినా అడగడానికి మొహమాటపడి వెనకబడినవాళ్లే నాకు ఎక్కువ కనిపించారు. ముఖ్యంగా ఇంటిల్లిపాదిలో మొట్టమొదట కాలేజీ గడప తొక్కినవాళ్లు. రీకౌంటింగ్‌కూ రీవాల్యుయేషన్‌కూ తేడా ఏమిటో, కండోనేషన్ అంటే ఏమిటో చెప్పడానికి వాళ్లకు ఇంట్లో అన్నయ్యో అక్కో ఉండరు. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కాలేజీల్లో డిగ్రీ, బీటెక్, పీజీ చదివేవాళ్లకు పనికొచ్చేలా, ఏ సాయాన్ని ఎప్పుడు అడగాలో ఆ వరసలోనే చెబుతాను.

మొదటి అడుగు: ఎక్కడ ఆగిపోయారో తేల్చుకోండి

"సబ్జెక్టు అర్థం కావట్లేదు" అని చెబితే ఎవరూ సాయం చేయలేరు. డాక్టరు దగ్గరకెళ్లి "ఒళ్లు బాగాలేదు" అని ఊరుకున్నట్టు ఉంటుంది అది. ఒక గంట తీరిక చేసుకుని సిలబస్ కాపీ ముందు పెట్టుకోండి. విశ్వవిద్యాలయం వెబ్‌సైట్లో మీ రెగ్యులేషన్ (మీ బ్యాచ్‌కు వర్తించే నిబంధనలు) కింద ఉంటుంది. దొరక్కపోతే డిపార్ట్‌మెంట్‌లో అడిగి జిరాక్స్ తీయించుకోండి. ప్రతి అంశం పక్కనా మూడింట్లో ఒక గుర్తు పెట్టండి: ఇంకొకరికి చెప్పగలను, వింటే అర్థమవుతుంది గానీ సొంతంగా చేయలేను, అసలు తెలియదు.

పేజీ పూర్తయ్యాక ఒకసారి చూడండి. రెండో గుర్తు ఎక్కువగా ఉంటే మీకు కావాల్సింది అభ్యాసం. మూడో గుర్తులన్నీ ఒకేచోట మొదలైతే పునాదిలో ఏదో రాయి లేదన్నమాట. అవకలన సమీకరణాలు (డిఫరెన్షియల్ ఈక్వేషన్లు) రావట్లేదని నా దగ్గరకు వచ్చినవాళ్లలో చాలామందికి రానిది ఇంటర్‌లో చదివిన సమాకలనం (ఇంటెగ్రేషన్). రెండు వారాలు ఇంటర్ పుస్తకం తిరగేస్తే డిగ్రీ పాఠం దానంతటదే దారిలో పడుతుంది. పాఠం తెలుగులో చెబితే అర్థమై, ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే అర్థం కాకపోతే ఇబ్బంది భాషతో. దాని గురించి కింద విడిగా రాశాను. చదవడానికి కూర్చోలేకపోతున్నా, కూర్చున్నా మనసు నిలవకపోతున్నా, రాత్రుళ్లు పని చేసి పొద్దున క్లాసులో నిద్రపోతున్నా అది సబ్జెక్టు సమస్యే కాదు. దాని మందు వేరు.

రెండో అడుగు: తేదీలు, అటెండెన్స్

ఇది చిన్న పని, పది నిమిషాలు చాలు. అకడమిక్ క్యాలెండర్ తీసుకుని మిడ్ పరీక్షలు, ఫీజు ఆఖరి తేదీ, సెమిస్టర్ పరీక్షలు ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి. మన దగ్గర ఎక్కువ విశ్వవిద్యాలయాల్లో 75 శాతం హాజరు ఉండాలి. జేఎన్‌టీయూల్లో 65 నుంచి 75 మధ్య ఉంటే తగిన కారణం, మెడికల్ సర్టిఫికెట్ వంటివి చూపించి, రుసుము కట్టి కండోనేషన్, అంటే తగ్గిన హాజరుకు మినహాయింపు, తీసుకోవచ్చు. 65 కన్నా తగ్గితే డిటెన్షనే, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. జ్వరం వచ్చి పది రోజులు మానేస్తే, తిరిగి వచ్చిన రోజే సర్టిఫికెట్ ఆఫీసులో ఇచ్చేయండి. సెమిస్టర్ చివర వెతుక్కుంటే అది దొరకదు, దొరికినా ఎవరూ నమ్మరు.

మూడో అడుగు: లెక్చరర్‌ను అడగడం

అన్నిటికన్నా దగ్గరగా ఉండి, పైసా ఖర్చు లేని సాయం ఇదే. మన పిల్లలు అన్నిటికన్నా తక్కువ వాడుకునేదీ ఇదే. "సార్ ఏమనుకుంటారో" అన్న భయం ఒకటి, "ఇది కూడా తెలియదా అంటారేమో" అన్న భయం ఇంకొకటి. విసుక్కునే లెక్చరర్లు లేరని నేను చెప్పను. కానీ ఒక పేజీ సొంతంగా ప్రయత్నించి తెచ్చిన విద్యార్థిని విసుక్కున్నవాళ్లను నేను చాలా అరుదుగా చూశాను.

వెళ్లే ముందు రోజే అడగండి: "మేడమ్, రేపు లంచ్ తర్వాత ఒక పది నిమిషాలు ఖాళీగా ఉంటారా? రెండో యూనిట్‌లో ఒక డౌట్ ఉంది." వెళ్లేటప్పుడు నోట్‌బుక్, పుస్తకం, మీరు చేసి ఆగిపోయిన లెక్క పట్టుకెళ్లండి. అడిగే తీరు కూడా ముఖ్యం. "ఈ చాప్టర్ చెప్పండి సార్" అంటే పది నిమిషాల్లో ఎవరూ చెప్పలేరు. "ఈ మాత్రిక కోటి (ర్యాంక్) కనుక్కోవడంలో మూడో మెట్టు దాకా వచ్చాను సార్, ఇక్కడ ఈ అడ్డువరుసను ఎందుకు తీసేశారో అర్థం కాలేదు" అంటే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. మిగతా ఎనిమిది నిమిషాల్లో మీరు అడగని విషయాలు కూడా ఆయనే చెబుతారు. అక్కడే ఆ లెక్క మళ్లీ మొదటినుంచి చేసి చూపించండి. అర్థమైందని తల ఊపి వచ్చేస్తే, సాయంత్రానికి మళ్లీ మొదటికే వస్తారు.

ఒకే అంశం క్లాసులో పదిమందికి అర్థం కాలేదనుకోండి. విడివిడిగా వెళ్లకుండా పేర్లు రాసి, హెచ్‌ఓడీ (శాఖాధిపతి) గారికి రెమెడియల్ క్లాసు, అంటే అర్థం కానివాళ్లకు అదనంగా చెప్పే క్లాసు, కోసం దరఖాస్తు పెట్టండి. చాలా కాలేజీల్లో రెమెడియల్ క్లాసులు కాగితం మీద ఉంటాయి. కాలేజీలకు గుర్తింపు ఇచ్చే న్యాక్ బృందం వచ్చినప్పుడు ఆ రికార్డు చూపించాలి కాబట్టి, రాతపూర్వకంగా అడిగితే కాలేజీ కూడా సులువుగా కాదనదు. నమూనా చివర ఇచ్చాను.

మెంటార్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇప్పుడు దాదాపు ప్రతి కాలేజీలోనూ ఇరవై ముప్పైమంది విద్యార్థులకు ఒక లెక్చరర్‌ను మెంటార్‌గా వేస్తున్నారు. మీ మెంటార్ ఎవరో తెలియకపోతే డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు చూడండి. సబ్జెక్టు డౌట్లకు కాకుండా, ఇంట్లో ఇబ్బందో, ఫీజు సమస్యో, పార్ట్‌టైమ్ పనో చదువుకు అడ్డం వచ్చినప్పుడు ఆయన్ను కలవండి. అటెండెన్స్ తగ్గినప్పుడు మీ తరఫున హెచ్‌ఓడీతో మాట్లాడగలిగేది ఆయనే. ముందే తెలిస్తేనే కదా మాట్లాడేది.

నాలుగో అడుగు: లైబ్రరీ

చాలామందికి లైబ్రరీ అంటే పరీక్షల ముందు కూర్చుని చదువుకునే ఏసీ గది. అందులో పనిచేసే లైబ్రేరియన్ చదువు సాయం చేయడానికే ఉన్న మనిషి. ఆయన్ను ఈ నాలుగు సంగతులూ అడగండి.

ముందుగా, నా సబ్జెక్టు పుస్తకాలు ఏ వరసలో ఉన్నాయి అని. చాలా లైబ్రరీల్లో పుస్తకాలు డ్యూయీ పద్ధతిలో అంకెల వరసన ఉంటాయి: గణితం 510 దగ్గర, భౌతికశాస్త్రం 530, రసాయనశాస్త్రం 540, ఆర్థికశాస్త్రం 330. ఆ వరస తెలిస్తే గైడు పుస్తకం దాటి అదే పాఠాన్ని నలుగురు రచయితలు ఎలా చెప్పారో చూడొచ్చు. ఒకరి దగ్గర కొరుకుడు పడనిది ఇంకొకరి దగ్గర ఇట్టే తెలిసిపోతుంది. నా విద్యార్థులకు నేను చెప్పే మొదటి వైద్యం ఇదే.

తర్వాత, బుక్ బ్యాంక్ ఉందా అని. చాలా కాలేజీల్లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకూ, పేద విద్యార్థులకూ సెమిస్టర్ మొత్తం ఉంచుకునేలా పుస్తకాలు ఇస్తారు. అడిగినవాళ్లకే ఇస్తారు, అదీ మొదటి నెలలోనే.

ఇంకొకటి, పాత ప్రశ్నపత్రాల బైండింగ్ ఎక్కడ అని. ఐదేళ్ల పేపర్లు వరసగా పెట్టుకుని మీ సిలబస్ పేజీ పక్కన చూస్తే ఏ యూనిట్‌కు ఎంత బరువుందో తెలుస్తుంది.

చివరగా, ఎన్‌-లిస్ట్ లాగిన్ ఇస్తారా అని. ఈ సంగతి పీజీ వాళ్లకు కూడా సరిగా తెలియదు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ నడిపే ఈ పథకంలో మీ కాలేజీ చేరి ఉంటే వేల జర్నళ్లు (పరిశోధన పత్రికలు), లక్షకు పైగా ఈ-పుస్తకాలు ఇంటి దగ్గర నుంచే చదవొచ్చు. యూజర్‌ఐడీ లైబ్రేరియనే తెరిచి ఇవ్వాలి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఉన్నవాళ్లకు 2025 జనవరి నుంచి ఇంకో సదుపాయం వచ్చింది. 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద ముప్పై మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 జర్నళ్లు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు తెరిచారు. ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసేవాళ్లు ఒక్కో వ్యాసానికి డాలర్లు కట్టాలేమో అనుకుని వెనక్కి రావాల్సిన పని లేదు.

ఏ కాలేజీతోనూ సంబంధం లేకుండా ఎవరైనా వాడుకోదగినవీ ఉన్నాయి. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీలో ఉచితంగా చేరొచ్చు. శోధగంగలో దేశంలోని విశ్వవిద్యాలయాలకు సమర్పించిన లక్షల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు పూర్తిగా చదవొచ్చు. మీ టాపిక్ మీద ఉస్మానియాలోనో, ఆంధ్రా యూనివర్సిటీలోనో ఇదివరకే ఎవరైనా పనిచేశారా అని చూడ్డానికి ముందు వెళ్లాల్సిన చోటు అదే. ఈ-పీజీ పాఠశాలలో పీజీ సబ్జెక్టులకు మాడ్యూళ్ల వారీగా పాఠాలున్నాయి.

తెలుగు, చరిత్ర, సామాజిక శాస్త్రాలు చదివేవాళ్లకు అసలు సిరి ఊళ్లలోని పాత గ్రంథాలయాల్లో ఉంది. 1891లో ఆసఫియాగా మొదలై ఇప్పుడు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ఉన్న స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం, రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం, 1918లో వేటపాలెంలో పుట్టిన సారస్వత నికేతనం. పాత పత్రికల సంచికలు చేత్తో తిరగేయాలంటే ఈ చోట్లకు వెళ్లాల్సిందే. వెళ్లేటప్పుడు కాలేజీ ఐడీ కార్డుతోపాటు గైడ్ సంతకం చేసిన ఉత్తరం కూడా ఉంచుకోండి, పని తేలికవుతుంది.

ఐదో అడుగు: తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు

నేను ఇంటర్ దాకా తెలుగులోనే చదివాను. డిగ్రీ మొదటి నెలలో 'డెరివేటివ్' అన్న మాట వింటూ కూర్చుని, అది నాకు బాగా తెలిసిన అవకలజమేనని తెలుసుకోవడానికి పది రోజులు పట్టింది. తెలిసిన విషయమే తెలియనట్టు అనిపించడం ఎంత బాధగా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో 2021–22 నుంచి డిగ్రీ ఫస్టియర్‌లో అందరికీ ఇంగ్లీషు మీడియమే కాబట్టి ఈ బాధ ఇప్పుడు ఇంకా ఎక్కువమందిది.

దీనికి నాకు తెలిసినంతలో బాగా పనిచేసిన పద్ధతి మూడు గళ్ల నోట్‌బుక్. మొదటి గడిలో ఇంగ్లీషు మాట తెలుగు లిపిలో, రెండో గడిలో తెలుగు మాట, మూడో గడిలో ఒక ఉదాహరణ. ఇంటెగ్రేషన్, సమాకలనం. ఆక్సిడేషన్, ఆక్సీకరణం, ఇనుము తుప్పు పట్టడం. ఇనర్షియా, జడత్వం, బస్సు ఆగినప్పుడు మనం ముందుకు తూలడం. ఎలాస్టిసిటీ, వ్యాకోచత్వం, ధర పెరిగితే కొనడం ఎంత తగ్గుతుందన్నది (ఉల్లికైతే పెద్దగా తగ్గదు). రోజుకు ఆరేడు మాటలు చాలు. నెల తిరిగేసరికి క్లాసులో లెక్చరర్ నోటి నుంచి వచ్చే మాటల్లో సగం మీకు చుట్టాల్లా వినిపిస్తాయి. స్పెల్లింగ్ నేర్చుకోవడానికి అదే మాటను ఎడమ పేజీలో ఇంగ్లీషులోనూ రాసుకోండి.

తెలుగు మాటలు ఎక్కడ దొరుకుతాయి? 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ప్రచురించిన డిగ్రీ పాఠ్యపుస్తకాల్లోనూ, పారిభాషిక పదకోశాల్లోనూ దొరుకుతాయి. కొత్త ముద్రణలు బజారులో లేకపోతే లైబ్రరీ అరల్లో పాతవి ఉంటాయి. సిలబస్ మారినా పారిభాషిక పదాలు మారవు. పాఠాన్ని ముందు తెలుగు పుస్తకంలో ఒకసారి చదివి, అదే రోజు ఇంగ్లీషులో చదవండి. తెలుగులో చదివాం కదా అని ఇంగ్లీషు పుస్తకం వదిలేస్తే పరీక్ష హాల్లో ఇబ్బంది పడతారు.

రాయడం ఇంకో మెట్టు. వారానికి ఒక జవాబు ఇంగ్లీషులో సొంత మాటల్లో, చిన్నచిన్న వాక్యాల్లో రాయండి. ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్‌లో ఎవరినైనా చూసి పెట్టమనండి. ఇంగ్లీషు లాంగ్వేజ్ ల్యాబ్ ఉంటే దాన్నీ వాడండి. గైడులోంచి పేరాలు బట్టీ పట్టినవాళ్లకు ఒక్క మాట మర్చిపోతే పేరా మొత్తం పోతుంది. సొంత వాక్యాలు రాయడం అలవాటైనవాళ్లకు ఆ బెంగ ఉండదు.

ఇంకో విషయం చాలామంది చెవిన పడలేదు. ఇంగ్లీషు మీడియం కోర్సైనా విద్యార్థులు స్థానిక భాషలో పరీక్ష రాసేందుకు అనుమతించమని 2023 ఏప్రిల్‌లో యూజీసీ (విశ్వవిద్యాలయాలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ) విశ్వవిద్యాలయాలకు లేఖ రాసింది. నిర్ణయం విశ్వవిద్యాలయానిదే. మీ ఎగ్జామినేషన్ బ్రాంచ్‌లో అడిగి, అనుమతి ఉందని కాగితం మీద చూశాకే తెలుగులో రాయండి. ఎవరో చెప్పారని మాత్రం రాయొద్దు.

ఆరో అడుగు: ఎన్‌పీటెల్, స్వయం

ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ వీడియో పాఠాలు, 2017లో వచ్చిన స్వయం వేదిక పాఠాలు పూర్తిగా ఉచితం. డబ్బు కట్టాల్సింది సర్టిఫికెట్ పరీక్షకే. ఎన్‌పీటెల్‌లో ఆ రుసుము కొన్నేళ్లుగా ఒక్కో కోర్సుకు 1,000 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ, వికలాంగ విద్యార్థులు రాయితీ వివరాలు చూసుకుని కట్టండి.

కోర్సులు జనవరిలోనూ, జులైలోనూ మొదలవుతాయి. నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాలవి ఉంటాయి. మార్కుల లెక్క తెలిసి దిగండి. వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25, సెంటర్‌కు వెళ్లి రాసే పరీక్షకు 75. అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 విడివిడిగా రావాలి. పన్నెండు వారాల కోర్సులో మీరు బాగా చేసిన ఎనిమిది అసైన్‌మెంట్లనే లెక్కలోకి తీసుకుంటారు. కాబట్టి మిడ్ పరీక్షల వారంలో ఒకటి తప్పిపోయిందని కోర్సు వదిలేయకండి. చాలామంది అక్కడే వదిలేస్తారు.

యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చేసి క్రెడిట్లు పొందే వీలు విశ్వవిద్యాలయాలు ఇవ్వొచ్చు. 'ఇవ్వొచ్చు' అన్నచోటే చిక్కంతా ఉంది. డబ్బు కట్టకముందే మీ హెచ్‌ఓడీ దగ్గర ఈ కోర్సు మన జాబితాలో ఉందా, ఎన్ని క్రెడిట్లు, ఏ పేపరు బదులు అని రాయించుకోండి. సర్టిఫికెట్ వచ్చాక క్రెడిట్లు కుదరవన్న మాట విన్న విద్యార్థులు నా దగ్గరే ముగ్గురున్నారు.

క్రెడిట్లు అక్కర్లేకుండా పాఠం అర్థం కావడానికే అయితే, రెండో అడుగులో రాసుకున్న తేదీల ప్రకారం మీకు రాని యూనిట్ పాఠాలు మాత్రమే చూడండి. వీడియో సగంలో ఆపి, కాగితం మీద మీరే ముందుకు తీసుకెళ్లి, ఆ తర్వాత మిగతాది చూడండి. వేగం తగ్గించుకోవచ్చు, ఎన్నిసార్లైనా వెనక్కి వెళ్లొచ్చు. క్లాసులో ఆ వీలు ఉండదు.

కాలేజీ ల్యాబ్‌లో పరికరాలు సరిగా లేనివాళ్లు, కంప్యూటర్ మీదే ప్రయోగాలు చేసి చూసుకునే వర్చువల్ ల్యాబ్స్ చూడండి. ఐఐటీలతోపాటు హైదరాబాద్ ఐఐఐటీ కూడా ఇందులో ప్రయోగాలు తయారుచేసింది. పైథాన్, సీ, లిబ్రెఆఫీస్ లాంటివి మొదటినుంచి నేర్చుకోవాలంటే ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్ ఉంది. పది నిమిషాల చిన్న పాఠాలు, కొన్నిటికి తెలుగు మాటలూ ఉన్నాయి.

ఏడో అడుగు: నలుగురు కలిసి చదవడం

నలుగురు మించొద్దు. ఆరుగురైతే కబుర్లే. ప్రతివారం ఒకరు ఒక అంశాన్ని బోర్డు మీద మిగతావాళ్లకు చెప్పాలి, చదివి వినిపించకూడదు. చెప్పేవాళ్లు ఎక్కడ తడబడితే అక్కడే వాళ్లకు పాఠం రాలేదని అర్థం. అందులో ఒక్కరైనా సబ్జెక్టు బాగా వచ్చినవాళ్లు ఉండాలి. సీనియర్లను నోట్సు అడిగితే ఇస్తారు. నోట్సు కన్నా "అన్నా, ఈ పేపర్లో మీరెక్కడ ఇబ్బంది పడ్డారు?" అన్న ప్రశ్నకు వచ్చే జవాబు ఎక్కువ పనికొస్తుంది.

ఎనిమిదో అడుగు: వైకల్యం ఉన్న విద్యార్థులకు

ఇది దయతో ఇచ్చేది కాదు, చట్టం ఇచ్చిన హక్కు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. చూపు, వినికిడి, కదలికలతోపాటు డిస్‌లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలూ అందులో ఉన్నాయి. పరీక్షలో స్క్రైబ్ (మీరు చెబుతుంటే జవాబులు రాసిపెట్టే మనిషి), గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం అడగొచ్చు. 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ లేదని మిమ్మల్ని వెనక్కి పంపితే 2021లో సుప్రీంకోర్టు వికాస్ కుమార్ కేసులో చెప్పిన మాట గుర్తుచేయండి. రాసేటప్పుడు చేయి బిగుసుకుపోయే సమస్య ఉన్న అభ్యర్థి వేసిన కేసు అది. స్క్రైబ్ సదుపాయాన్ని 40 శాతం వైకల్యం ఉన్నవాళ్లకే పరిమితం చేయకూడదని కోర్టు తేల్చింది. 2022 ఆగస్టులో అలాంటివాళ్ల కోసం కేంద్రం విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది.

దరఖాస్తు పరీక్షకు వారం ముందు పెడితే పని కాదు. సెమిస్టర్ మొదట్లోనే పెట్టి, మిడ్ పరీక్షల్లోనే ఆ సదుపాయం వాడి చూసుకోండి. స్క్రైబ్‌తో రాయడానికీ అలవాటు కావాలి. అచ్చు పుస్తకం చదవలేనివాళ్లకు సుగమ్య పుస్తకాలయలో వినే, తాకి చదివే రూపాల్లో పుస్తకాలు దొరుకుతాయి.

తొమ్మిదో అడుగు: ఫలితం వచ్చాక

ఫెయిలైన రోజు ఏమీ చేయబుద్ధి కాదు. కానీ గడువులు అప్పుడే మొదలవుతాయి, చాలా చోట్ల వారం పది రోజులే ఉంటాయి. రీకౌంటింగ్ అంటే వేసిన మార్కుల మొత్తం సరిగా కూడారా, ఏ జవాబైనా దిద్దకుండా వదిలేశారా అని చూడటం. రీవాల్యుయేషన్ అంటే ఇంకొకరు మళ్లీ దిద్దడం. కొన్ని విశ్వవిద్యాలయాలు జవాబుపత్రం నకలు కూడా ఇస్తాయి. నకలు దొరికే చోట ముందు అదే తీసుకుని, ఆ సబ్జెక్టు లెక్చరర్‌కు చూపించి, ఆయన అవునన్నాకే రీవాల్యుయేషన్‌కు డబ్బు కట్టండి.

నకలు ఇచ్చే పద్ధతి లేదని చెబితే సమాచార హక్కు చట్టం ఉంది. దిద్దిన తన జవాబుపత్రాన్ని చూసుకునే హక్కు విద్యార్థికి ఉందని 2011లో సుప్రీంకోర్టు ఆదిత్య బందోపాధ్యాయ కేసులో చెప్పింది. 10 రూపాయల రుసుముతో విశ్వవిద్యాలయం సమాచార అధికారికి దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. జవాబుపత్రాలను కొంతకాలమే భద్రపరుస్తారు కాబట్టి ఆలస్యం చేయొద్దు. సమాచార హక్కు దరఖాస్తు పెట్టారు కదా అని రీవాల్యుయేషన్ గడువు ఆగదు, సప్లీ ఫీజు తేదీ కూడా ఆగదు. రీవాల్యుయేషన్ ఫలితం కోసం ఎదురుచూస్తూ సప్లీ ఫీజు కట్టకుండా ఆరు నెలలు పోగొట్టుకున్న పిల్లలున్నారు. రెండూ కట్టండి.

మనసు బాగాలేనప్పుడు

సప్లీలు పేరుకుపోయి ఇంట్లో చెప్పుకోలేక నిద్రపట్టనివాళ్లు ఉంటారు. 14416కు ఫోన్ చేయండి. కేంద్రం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలీ మానస్ అది. డబ్బు పడదు, రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడొచ్చు. కాలేజీలో కౌన్సెలర్ ఉంటే అక్కడికీ వెళ్లండి. మీ రూమ్మేట్ నాలుగు రోజులుగా క్లాసుకు రాకుండా, సరిగా తినకుండా ఉంటే "ఏమైంది రా?" అని మీరే ముందు అడగండి. వాళ్ల పక్కనే కూర్చుని ఆ నంబరు కలిపి ఇవ్వండి.

అమెరికా వెళ్లినవాళ్లకు ఓ మాట

మన పిల్లలు అక్కడ మొదటి సెమిస్టర్‌లో ఇబ్బంది పడేది ఎక్కువగా రెండు చోట్ల. ప్రొఫెసర్ల ఆఫీస్ అవర్స్‌కు వెళ్లకపోవడం ఒకటి. వారానికి ఇన్ని గంటలని సిలబస్‌లోనే రాసి, విద్యార్థుల కోసం తలుపు తీసి కూర్చునే సమయం అది. వెళ్తే వాళ్లేమీ అనుకోరు, రాకపోతేనే ఆసక్తి లేదనుకుంటారు. రెండోది రాతపని. ఇంటర్నెట్‌లోంచో, స్నేహితుడి అసైన్‌మెంట్‌లోంచో తీసుకుని రాస్తే అక్కడ అది పెద్ద నేరం. రాసింది ముందే రైటింగ్ సెంటర్‌కు తీసుకెళ్తే ఉచితంగా కూర్చుని చూసి పెడతారు. కోర్సు కష్టంగా ఉంటే సొంతంగా డ్రాప్ చేయకండి. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు పూర్తి క్రెడిట్ల కంటే తగ్గించుకోవాలంటే ముందుగా డీఎస్‌ఓ (విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే విశ్వవిద్యాలయ అధికారి) అనుమతి తీసుకోవాలి. తర్వాత చెబితే వీసాకే ముప్పు.

పదో అడుగు: అడిగినా పలకకపోతే

లెక్చరర్ రావట్లేదు, ఇంటర్నల్ మార్కులు చూపించట్లేదు, ఫీజు బకాయి ఉందని ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వట్లేదు అనుకోండి. 2023 ఏప్రిల్‌లో వచ్చిన యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలోనూ విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. ఫిర్యాదు అందిన 15 పనిదినాల్లో కమిటీ నివేదిక ఇవ్వాలి. అది నచ్చకపోతే 15 రోజుల్లో విశ్వవిద్యాలయ అంబుడ్స్‌పర్సన్‌కు (ఇలాంటి అప్పీళ్లు వినడానికి నియమించిన వ్యక్తికి) అప్పీలు చేసుకోవచ్చు. ఒక్కరే పెట్టడానికి భయమైతే నలుగురు కలిసి సంతకాలు చేయండి. కోపం కాగితం మీద పెట్టొద్దు. తేదీలు, జరిగినది, కావాల్సింది, ఈ మూడే రాయండి.

రెమెడియల్ క్లాసు దరఖాస్తు ఇలా రాస్తే చాలు. ఫిర్యాదుకూ ఇదే అచ్చు.

"గణిత శాఖాధిపతి గారికి, నమస్కారం. మేము బీఎస్సీ మొదటి సంవత్సరం, రెండో సెమిస్టర్ విద్యార్థులం. అవకలన సమీకరణాల పేపర్లో రెండో యూనిట్ మాలో పదకొండు మందికి అర్థం కాలేదు. మొదటి మిడ్‌లో మా మార్కులు కూడా తగ్గాయి. దయచేసి ఈ యూనిట్‌కు వారానికి రెండు గంటల చొప్పున మూడు వారాలు రెమెడియల్ క్లాసులు ఏర్పాటు చేయగలరు. మంగళ, శుక్రవారాల్లో నాలుగు గంటల తర్వాత మేమందరం ఉండగలం. పేర్లు, హాల్ టికెట్ నంబర్లు, సంతకాలు జతచేశాం."

రెండు కాపీలు తీయండి. ఒకటి డిపార్ట్‌మెంట్‌లో ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి. వారంలో కబురు రాకపోతే ఆ కాపీ పట్టుకుని ప్రిన్సిపాల్ గారి దగ్గరకు వెళ్లండి.